అనంతగిరి గుహలో ముసుగు మనిషి



హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని వాడి వైపు పోయే రైలు వికారాబాద్ జంక్షన్‌లో ఆగుతుంది. స్టేషనుకు ఐదారు కిలోమీటర్ల దూరంలో అనంతగిరి అడవి, ఆ అడవిలో అనంత పద్మనాభస్వామి గుడి ఉన్నాయి. గుడిని అల్లుకుని ఉన్న కథల్లో ఒకటి చీకటి గుహలో జరుగుతుంది.

కాలయవనుడు మథుర మీదికి దండెత్తి వచ్చాడు. కృష్ణుడు ఆయుధం పట్టకుండా, ఒంటరిగా కోట బయటికి వచ్చి పరుగందుకున్నాడు. వెనకాల కాలయవనుడు. పరుగు ఒక కొండ గుహ దగ్గర ఆగింది. లోపల ఎవరో ఆదమరిచి నిద్రపోతున్నారు. ఆయన ముచుకుందుడు. దేవతల పక్షాన అసురులతో చాలాకాలం పోరాడి, అలసిపోయి, వరంగా నిద్రను కోరుకున్న రాజు. ఆ నిద్ర చెడగొట్టినవాడు ఆయన చూపు పడగానే బూడిదవుతాడు. భాగవతంలో ఉన్న ఈ ఘట్టాన్ని జనం చెప్పుకునేటప్పుడు మధ్యలో ఒక చిన్న పని కలుస్తుంది. కృష్ణుడు తన ఉత్తరీయం తీసి, నిద్రపోతున్న మనిషి మీద కప్పి, పక్కకు తప్పుకుంటాడు. తరుముకుంటూ వచ్చినవాడికి ఆ గుడ్డ ఒక్కటే కనిపించింది. కింద ఎవరున్నారో చూడలేదు. కాలితో తన్నాడు.

కాలయవనుడు బూడిదయ్యాడు. నిద్రలేచిన ముచుకుందుడు మాత్రం ఎదుట ఉన్న కొత్త మనిషిని చూసి, నీవెవరివని అడిగాడు. కృష్ణుడు చెప్పాడు. అప్పుడు ముచుకుందుడు ఆయన కాళ్లు కడిగిన నీళ్లే ముచుకుందా నదిగా పారాయని, అదే ఇవాళ్టి మూసీ అని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ నది అనంతగిరిలో పుట్టి, హైదరాబాద్ నగరం మధ్యగా సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

ముసుగు కింద ఎవరున్నారో తెలియని ఆ ఒక్క క్షణం మీద ప్రపంచంలో ఇప్పుడు ఒక పెద్ద ఆటల లోకమే నడుస్తోంది. దాని సంగతే ఈ ప్రసంగం.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ఒక చిన్న పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు పెట్టి అమ్మకానికి తెచ్చారు. మొదటి ముద్రణ వెయ్యి పెట్టెలు. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని పద్ధతి మనవాళ్లకు చెబితే చాలా తేలిగ్గా అర్థమవుతుంది. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు కత్తిసాము వీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ. కథ నడిపే మనిషి ఒక సన్నివేశం చెప్పి, మీరేం చేస్తారని అడుగుతాడు. వాళ్లు చెప్పింది జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. అందులో ముఖ్యమైన పాచికకు ఇరవై ముఖాలు. బొమ్మలకొలువులా సరంజామా ఏమీ అక్కర్లేదు. నోటిమాట చాలు.

అయితే ఒక చిక్కుంది. ఆ నలుగురికీ ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేదు. వీళ్లను ఒకచోట కూర్చి, ఒక దారిన పంపడం ఎలా? ఏభై ఏళ్లుగా ఎక్కువమంది పట్టుకున్న ఉపాయం ఒకటే. రాత్రి, వాన, ఊరి చివర పూటకూళ్ల ఇల్లు, మూలన బల్ల దగ్గర తల మీదికి ముసుగు లాక్కున్న కొత్త మనిషి. అతను దగ్గరికి పిలిచి, ఒక పటమో తాళంచెవో చేతిలో పెట్టి, ఒక పని ఒప్పజెబుతాడు. చేపకు గాలం వేసినట్టు ఆటగాళ్లకు కథను తగిలించే పద్ధతి ఇది.

ఈ మూలన కూర్చున్న మనిషికి పూర్వీకులున్నారు. ఉత్తర ఐరోపా గాథల్లో ఓడిన్ దేవుడు పెద్ద టోపీ కిందికి దించుకుని, దుప్పటి కప్పుకుని, ఒంటికన్నుతో రాజుల ఇళ్లకు వస్తాడు. వోల్సుంగుల గాథలో విందు జరుగుతుండగా లోపలికి నడిచి వచ్చి, ఇంటి నడుమ ఉన్న చెట్టులో కత్తి దిగేసి, లాగగలిగినవాడిదే ఇది అని చెప్పి వెళ్లిపోతాడు. టోల్కీన్ 1954లో అచ్చయిన నవలలో బ్రీ అనే ఊరి సత్రంలో స్ట్రైడర్ అనే ముసుగు మనిషిని మూలన కూర్చోబెట్టాడు. ఆటలవాళ్లు ఎక్కువగా అనుకరించేది ఇతన్నే. ఆ సత్రం మూలన అతను కనిపించినప్పుడు, అతనెవరో తనకూ తెలియదని టోల్కీన్ ఏడాది తర్వాత కవి ఆడెన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. రాసినవాడికే తెలియదు. పాఠకుడు ఆ పేజీలో ఊపిరి బిగబట్టడానికి అదీ ఒక కారణమే.

ఆటలు నడిపేవాళ్లకు మాత్రం ముసుగు మనిషి ఈమధ్య పాతబడిపోయాడు. తల మీద గుడ్డ కనబడగానే ఆటగాళ్లు, ఇతను మనల్ని మోసం చేస్తాడని ముందే లెక్క వేసుకుంటున్నారు. లేదంటే, మాకు వేరే పని ఉందని లేచిపోతున్నారు. అలాంటప్పుడు తెలుగులో కథ వింటూ పెరిగినవాళ్ల దగ్గర ఉన్న సరుకు చాలా గట్టిది. అది వాడుకోకుండా పరాయి సత్రాన్నే పదేపదే అరువు తెచ్చుకోవడం బాధ కలిగిస్తుంది.

బేతాళ కథల మొదలు గుర్తు తెచ్చుకోండి. కాశ్మీర కవి సోమదేవుడు 11వ శతాబ్దంలో కూర్చిన కథాసరిత్సాగరంలో క్షాంతిశీలుడనే భిక్షువు రాజసభకు వస్తాడు. ఒక పండు రాజు చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. మర్నాడూ అంతే. ఏమీ అడగడు. పదేళ్లు అలాగే గడుస్తాయి. ఒకనాడు ఒక కోతి ఆ పండు కొరికితే లోపలినుంచి రత్నం రాలుతుంది. అప్పుడు కోశాగారంలో వెతికిస్తే, కుళ్లిన పండ్ల మధ్య పదేళ్ల రత్నాలు! ఆ రోజు రాజే భిక్షువును అడుగుతాడు, నీకేం కావాలని. కృష్ణ చతుర్దశి రాత్రి శ్మశానానికి రా, చెట్టుకు వేలాడే శవాన్ని దింపి తే. ఇదీ అతని కోరిక.

ఇందులోని పనితనం చూడాలి. భిక్షువు పని చెప్పి డబ్బిస్తానని ఆశ పెట్టలేదు. ముందే ఇచ్చేశాడు. రాజును రుణపడేశాడు. రాజు అభిమానవంతుడు కాబట్టి కాదనలేడు. ఆటలో దీన్ని తీసుకుంటే, మొదటి రెండు మూడు వారాల కథలో ఒక మనిషి ఆటగాళ్లకు చిన్నచిన్న ఉపకారాలు చేసి పోతూ ఉండాలి. నాలుగోసారి వచ్చి అడిగినప్పుడు ఎవ్వరూ లేచిపోరు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ ఈ కథనే పట్టుకుని దశాబ్దాల పాటు కొత్త కొత్త బేతాళ కథలు అల్లింది. శంకర్ గీసిన బొమ్మలో శవాన్ని భుజాన వేసుకుని కత్తి దూసి నడిచే రాజును చూడని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. అదే పత్రికలో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క వంటి సీరియళ్లలో మంత్రగాళ్లు, కొండగుహలు, పాడుబడిన గుళ్లు నెలనెలా వచ్చేవి. పిల్లలు వాటిని చదివి ఊరుకోలేదు. పొలాల్లో, గుట్టల్లో ఆడుకున్నారు. పాచికలు లేవంతే.

1951 మార్చిలో విడుదలైన పాతాళభైరవి కూడా ఇదే గాలం. కె.వి.రెడ్డి దర్శకత్వం, ఎస్.వి.రంగారావు నేపాళ మాంత్రికుడు, ఎన్.టి.రామారావు తోటరాముడు. మాంత్రికుడు దేశాలు దాటి ఉజ్జయినికి వచ్చింది ఒక సాహసవంతుడైన యువకుణ్ని వెతుక్కుంటూ. తోటరాముడికేమో రాకుమారిని పెళ్లాడాలంటే సంపద కావాలి. ఒకరి దగ్గర దారి ఉంది, ఒకరి దగ్గర ధైర్యం ఉంది. మాంత్రికుడు దాచింది ఒక్కటే, ఆ సాహసవంతుడు చివరికి బలిపశువని. మిగతాదంతా నిజమే చెప్పాడు. అందుకే అతని మాట నమ్మబుద్ధవుతుంది. అన్నీ దాచిపెట్టే ముసుగు మనిషి కన్నా, తొమ్మిది నిజాలు చెప్పి పదోది దాచేవాడు ఎంతో పదునైన పాత్ర.

వీటన్నిటికన్నా మెలకువైనది పెద్దన మనుచరిత్రలోని సిద్ధుడు. మార్కండేయ పురాణం నుంచి తీసుకున్న కథ అది. అరుణాస్పదపురంలో ప్రవరుడనే గృహస్థుకు తీర్థయాత్రికులెవరు వచ్చినా కూర్చోబెట్టి, ఏ ఊళ్లు చూశారు, ఏ నదులు దాటారు అని అడగడం అలవాటు. ఇల్లు వదలని మనిషి, ఒంటి నిండా ప్రయాణాల దాహం. ఒకనాడు వచ్చిన సిద్ధుడు అతని పాదాలకు లేపనం పూస్తాడు. క్షణంలో హిమాలయం. మంచుకు ఆ లేపనం కరిగిపోతుందని చెప్పలేదు, ప్రవరుడు అడగలేదు. ఆ తర్వాత అక్కడ చిక్కుకుపోయిన అతనికి వరూధిని అనే అప్సర ఎదురుపడడం, ఆ కథంతా.

సిద్ధుడు చేసినదల్లా తలుపు తీయడం. బయటికి పోవాలన్న కోరిక ముందునుంచే ప్రవరుడి గుండెలో ఉంది. ఆట నడిపేవాళ్లు కొత్త మనిషి దుస్తుల వర్ణనకు పడే శ్రమలో సగం, ఆటగాడి పాత్రకు ఏ లోటు ఉందో కనుక్కోవడం మీద పెడితే గాలం వేయనక్కర్లేకుండానే చేప వస్తుంది.

మార్కండేయుడి పేరు వచ్చింది కాబట్టి మళ్లీ అనంతగిరికి రావాలి. ఆ మహర్షి ఈ కొండ మీద తపస్సు చేసుకుంటూ, రోజూ ఒక గుహ మార్గాన కాశీకి వెళ్లి గంగలో స్నానం చేసి వచ్చేవాడట. ఒకసారి తెల్లవారుజామునే ద్వాదశి ఘడియలు వచ్చి వెళ్లలేకపోతే, స్వామి కలలో కనిపించి గంగనే ఇక్కడికి రప్పించాడని స్థలపురాణం. వికారాబాద్ నుంచి కాశీకి సొరంగం! ఏ దేశపు ఆట పుస్తకంలోనూ ఇంతకన్నా మంచి ద్వారం దొరకదు. తెలుగులో కాశీమజిలీ కథలు రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు గురుశిష్యులను కాశీదాకా మజిలీ మజిలీకి ఒక కథతో నడిపించాడు. ఈ గుహలో అయితే మజిలీలన్నీ నేల కిందే.

పటం గీసుకునేవాళ్లకు ఈ నేల ఇంకా చాలా ఇస్తుంది. మూసీ తూర్పుకు పోతే, ఈ ప్రాంతపు కొండల నీళ్లే తీసుకుని కాగ్నా నది పడమటికి తిరిగి, తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తుంది. దాని ఒడ్డునే మళ్ఖేడ్, ఒకప్పటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. భీమ పోయి కృష్ణలో పడుతుంది, మూసీ కూడా కృష్ణలోనే. వీపులు తిప్పుకుని బయల్దేరిన రెండు నదులు వందల కిలోమీటర్లు నడిచి ఒకే నీళ్లలో కలుస్తాయి. తాండూరు అంగట్లో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి. ఒకే ముసుగు మనిషి ముగ్గురు ఆటగాళ్లతో మూడు భాషల్లో మూడు వేరే మాటలు చెప్పడానికి ఇంతకన్నా తగిన చోటు ఎక్కడ?

ఇక ముసుగు. పడమటి దేశాల కథల్లో అది టోపీ కుట్టిన పొడుగు అంగీ. తెలంగాణ పల్లెలో దాని పని చేసేది గొంగడి. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో కురుమలు నేసే ఈ కంబళి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పరుపు. తల మీదుగా వేసుకుంటే మొహం నీడలోకి పోతుంది. కానీ ఆ నీడలో ఉన్నది గొర్రెలతో ఊళ్లు దాటి వచ్చిన మనిషి. ఏ వాగు ఎక్కడ ఎండింది, ఏ గుట్ట మీద గడ్డి ఉంది, ఏ పాడుగుడి దగ్గర రాత్రి దీపం వెలిగింది, అన్నీ అతనికి తెలుసు. ఆటలో సమాచారం చెప్పే మనిషి కావాలంటే అతని తర్వాతే ఎవరైనా.

తెల్లవారకముందే వీధిలోకి వచ్చే బుడబుక్కలవాడూ అంతే. చిన్న డమరుకం, తలపాగా, ఒంటి మీద పొరలు పొరలుగా రంగురంగుల బట్టలు. నిద్రలో ఉన్న ఇంటి ముందు నిలబడి రాబోయేది ఒక్క మాటలో చెప్పి, గుమ్మం తెరిచేలోగా పక్కింటికి పోతాడు. చెప్పినది సగం వినిపిస్తుంది, సగం వినిపించదు. ఆ వినిపించని సగం కోసం ఆటగాళ్లు ఊరంతా వెతకాలి.

ఇక్కడ కాస్త ఆగి చెప్పవలసిన మాట ఒకటుంది. ఊరూరూ తిరిగే ఈ మనుషులు నిజంగా ఉన్నవాళ్లు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టం సంచార జీవుల్ని పుట్టుకతోనే దొంగలుగా చూసింది. సోది చెప్పే ఎరుకల వాళ్లను కూడా ఆ చట్టం కిందికి తెచ్చారు. అది రద్దయింది 1952లో. రద్దయినా చూపు మారలేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణలో ఫోన్లలో పుకార్లు పాకాయి. ఊరికి కొత్తగా కనిపించినవాళ్లను, అడుక్కునేవాళ్లను జనం పట్టుకుని కొట్టారు. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. ఆమె ఎవరు, ఎక్కడినుంచి వచ్చింది అని ఆ గుంపు ఆగి వినలేదు.

బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ భిక్షగాడి వేషంలో గుమ్మంలోకి వచ్చి, ఇల్లాలిని కుక్కగా మార్చి తీసుకుపోతాడు. బుర్రకథల్లో, నాటకాల్లో, 1942 నాటి జెమిని సినిమాలో జనం ఈ ఘట్టం చూసి వణికారు. గొప్ప కథ అది. తల్లిని వెతుక్కుంటూ కొడుకు బయల్దేరడం తెలుగువాళ్ల సాహసగాథల్లో మొదటి వరసలో ఉంటుంది. కానీ ప్రతి ఆటలోనూ ముసుగు వేసుకున్నవాడు మాయల మరాఠీయే అయితే, ఆటగాళ్లకు ఒకే ఒక్క సంగతి అలవాటవుతుంది. కొత్త మనిషి కనబడితే కత్తి తీయడం. అనంతగిరి గుహలో కాలయవనుడు చేసినది అదే.

వికారాబాద్‌కు ఇంకో రకం ముసుగు కూడా తెలుసు. నిజాం కాలంలో అనంతగిరి మీద క్షయ రోగుల ఆస్పత్రి పెట్టారు. అడవి గాలే మందు అనుకునే రోజులవి. శాలువా కప్పుకుని, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని రైలు దిగే మనిషిని ఊహించుకోండి. టాంగావాడు ఎక్కించుకోవాలా వద్దా అని తటపటాయిస్తాడు. పక్కన నిలబడ్డవాళ్లు రెండడుగులు వెనక్కి వేస్తారు. ఆ మనిషి భయపెట్టడానికి మొహం కప్పుకోలేదు. ఎదుటివాళ్లకు హాని జరగకూడదని కప్పుకున్నాడు. ఆటలో అలాంటి మనిషిని మూలన కూర్చోబెట్టి చూడండి. ఆటగాళ్లు దూరంగా జరుగుతారు. అతను అడిగేది ఒక్కటే, ఈ ఉత్తరం కొండ మీద ఒకరికి ఇవ్వమని. అతని మొహం చూడాలనిపించిన ఆటగాడి నుంచే కథ మొదలవుతుంది.

ఇంకో తిరగేసిన మార్గం విరాటపర్వంలో ఉంది. వానల కోసం తెలుగు పల్లెల్లో చదివించే పర్వం అది. తిక్కన చెప్పిన ఆ కథలో విరాటరాజు కొలువుకు ఆరుగురు కొత్త మనుషులు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. వంటవాడు వలలుడు, నాట్యం నేర్పే బృహన్నల, గుర్రాలు చూసే దామగ్రంథి, ఆవుల్ని కాచే తంత్రీపాలుడు, అంతఃపురంలో సైరంధ్రి. అందరికన్నా ముందు వచ్చిన కంకుభట్టు తెలిసిన విద్య పాచికలు. ఇక్కడ ముసుగు వేసుకున్నది నాయకులే, పాండవులూ ద్రౌపదీ. ఏడాది పాటు గుర్తుపట్టకుండా ఉండాలన్నది షరతు. గుర్తుపడితే మళ్లీ అడవి. ఆట నడిపేవాళ్లు ఈ ఒక్క షరతు పెట్టి ఆటగాళ్లను ఒక ఊళ్లోకి పంపితే నెలల పాటు నడుస్తుంది. కొత్త మనిషిని అనుమానంగా చూసే ఊరి కళ్లు తమ మీద పడితే ఎలా ఉంటుందో కూడా తెలిసొస్తుంది.

ఈ మాటలన్నీ ఒక్కచోట కలిసే మొదలు ఒకటి, శ్రోతల్లో ఆట నడపాలని ఉత్సాహపడే పిల్లల కోసం. ఇది పూర్తిగా ఊహ. కావలసినట్టు మార్చుకోవచ్చు.

తాండూరు, అంగడి సద్దుమణిగిన వేళ. కందులు తూచే చోట నేల మీద రాలిన గింజలు ఏరుకుంటూ ఒక అవ్వ. తల మీదుగా గొంగడి. సంచిలో బరువైనదేదో ఉంది. ఆటగాళ్లు దగ్గరికి రాగానే తలెత్తకుండానే అడుగుతుంది, "ఎటు పోతున్నరు బిడ్డా? నా సంచి జెర రైలు దాంక మోస్తరా?"

సంచిలో ఉన్నది ఒక నాపరాయి పలక. తాండూరు చుట్టుపక్కల గనుల్లో పొరలు పొరలుగా విడివడే సున్నపురాయి, నీలమూ పసుపూ రంగుల్లో దేశమంతా ఇళ్ల కింద పరుచుకున్నది. ఈ పలక మీద మాత్రం గీతలున్నాయి. ఒక కొండ, గుహ నోరు, లోపలికి సాగే దారి. దారి మధ్యలో పలక విరిగిపోయింది. ఎవరైనా ఆమె పేరు అడిగితే గొంగడి వెనక్కి తీసి కూర్చుంటుంది. అడగకపోతే తీయదు. పేరు అడిగినవాళ్లకు చెబుతుంది, ఆమె పెనిమిటి గనిలో రాయి కొట్టేవాడని, చివరిరోజు రెండు పలకలు తీశాడని, ఒకటి ఇంటికి తెచ్చాడని, ఇంకోటి ఏమిటో తెలియక లారీకి ఎత్తేశారని. అనంతగిరి గుహలో ఆమెకు ఒకటి కావాలి. మోకాళ్లు సహకరించవు. కూలీ కింద మూట కట్టిన కందులు ఇస్తుంది.

ఆమె ఒక్క సంగతి దాస్తుంది. లారీ ఎక్కడికి పోయిందో ఆమెకు తెలుసు. ఏళ్ల తరబడి వెతికి కనుక్కుంది. రెండో పలకను హైదరాబాద్‌లో ఒక ఇంటి ముందు గదిలో, గీతలున్న వైపు నేలకు తిప్పి పరిచారు. ఆట నడిపే మనిషి ఈ మాటను చివరిదాకా నోట రానివ్వకూడదు. ఆటగాళ్లు గుహ దాకా పోయి, దారి సగంలో ఆగి, వెనక్కి వచ్చి, ఊరంతా వెతికి అలసిపోయాక, ఆ అవ్వ గొంగడి పూర్తిగా తీసేసి, వాళ్లు చుట్టూ కూర్చుని పాచికలు వేస్తున్న బండ వైపు వేలు చూపిస్తుంది.